తొమ్మిదిమంది ఒంటికి పోయిన రోజులు

కతర్‌లో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే గార్డెనింగ్ అని చెప్పి మాట మారుస్తాను. ఇంకా లాగితే చిరాకు పడతాను. నిజం చెబితే సగం మంది నమ్మరు, నమ్మినవాళ్లు నవ్వుతారు. రెండేళ్ల పాటు, రోజుకు రెండు పూటలా, నేను ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు పట్టాను. ఒక్కణ్ణే కాదు, ఎనిమిది మందిమి. మేము నీళ్లు పడుతుంటే తొమ్మిదో మనిషి మడత కుర్చీ వేసుకుని మమ్మల్ని చూస్తూ కూర్చునేది. అది కూడా డ్యూటీయే. దానికి కూడా జీతం ఇచ్చేవాళ్లు.

అవి దోహా నిండా క్రేన్లు లేచిన రోజులు. చమురు డబ్బు, గ్యాసు డబ్బు కలిసి ఊరిని ఆకాశంలోకి లాగుతున్నాయి. శుక్రవారం ఫోన్ కార్డు కొనుక్కోవడానికి ముషైరిబ్ బజారుకు వెళితే, పోయిన వారం చాయ్ తాగిన హోటల్ ఈ వారం కనబడేది కాదు. మా జగిత్యాల వైపు వాళ్లంతా ఆ క్రేన్ల కింద ఇనుము మోసేవాళ్లు. నన్ను మాత్రం మా కంపెనీ అమెరికా మిలిటరీ బేస్‌కు పంపింది. దోహా దాటి ఎడారిలోకి ముప్పావు గంట బస్సులో పోతే అమెరికా వచ్చేది.

ఉత్తమాటగా అనడం లేదు. మూడు చోట్ల మా ఒళ్లు తడిమి, పాసులు చూసి, బస్సు కింద అద్దం పెట్టి వెతికి లోపలికి వదిలాక నిజంగానే ఒక అమెరికా ఊరు ఉండేది. ఒక పెద్ద వీధి, దానికి ఇరువైపులా పిజ్జా దుకాణం, కాఫీ దుకాణం, మంగలి షాపు, సినిమా హాలు, చర్చి. స్పీడ్ బోర్డులు మైళ్లలో. కరెంటు ప్లగ్గులు కూడా వాళ్ల దేశానివే. వీధి చివర ఒక స్తంభానికి బాణం గుర్తులు కొట్టి, ఏ ఊరు ఎన్ని వేల మైళ్లో రాసిపెట్టుకున్నారు. చుట్టూ ఎటు చూసినా ఇసుక. ఫోన్లో మా అమ్మకు నేను అమెరికాలో పని చేస్తున్నానంటే, "దుబాయ్‌ల అమెరికా ఎక్కడిదిరా, ఎండకు తల్కాయ తిరుగుతుందా నీకు?" అంది. ఆమెకు కతరైనా, కువైట్ అయినా అంతా దుబాయే.

ఆ పెద్ద వీధి ముందు పచ్చగా ఉంటే సైనికుల మనసు బాగుంటుందని ఎవరో దొరకు తోచిందట. మొదట అసలు గడ్డి వేశారు. వారం రోజుల్లో ఎండు చేపలా అయిపోయింది. దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. కానీ మా కంపెనీ కాంట్రాక్టు కాగితంలో "రోజుకు రెండుసార్లు నీళ్లు పట్టాలి" అని ఉంది. కాగితం మార్చాలంటే చాలామంది సంతకాలు పెట్టాలట. గడ్డిని మార్చడం తేలిక, కాగితాన్ని మార్చడం కష్టం. అందుకని మేము ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపులు పట్టుకుని ప్లాస్టిక్‌కు నీళ్లు పట్టేవాళ్లం. మధ్యలో దుమ్ము ఊడ్చేవాళ్లం. మొదటి నెల నవ్వుకున్నాం. తరవాత అలవాటైపోయి, ఒకరోజు నీళ్లు తక్కువ వస్తే "అయ్యో, ఆ మూల ఎండిపోతది" అని నేనే కంగారుపడ్డాను. అంత పిచ్చి పట్టింది.

ఇక ఎస్కార్టు సంగతి. బయటి దేశాల కూలీలు ఆ ఊళ్లో ఒంటరిగా అడుగు వేయకూడదు. ప్రతి గ్యాంగుకూ ఒక సైనికుడు కాపలా. అతని కంటి ముందు నుంచి ఒక్కరు కూడా తప్పుకోకూడదు. రూలు చిన్నదే. చిక్కంతా ఒంటికి పోవలసి వచ్చినప్పుడు. మరుగుదొడ్లు వీధికి దూరంగా ఉన్నాయి, నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాల వరస. పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది నిమిషాలు. ఒకడు పోవాలంటే ఎస్కార్టు వెంట పోవాలి. ఎస్కార్టు పోతే మిగతా ఏడుగురు చూపు దాటిపోతారు. కాబట్టి అందరూ పోవాలి. ఎస్కార్టుకు వచ్చినా అంతే, మేమంతా లేచి వెనకాల నడవాలి. ఒక డబ్బా లోపల ఒక మనిషి, బయట ఎనిమిది మంది వరస. పెళ్లికొడుకు ఎదురుకోళ్లకు కూడా అంతమంది వెళ్లరు.

మాకు ఎస్కార్టుగా వచ్చినామె నలభై దాటిన మనిషి. లావుగా, ఎండకు ముక్కు ఎర్రగా కందిపోయి ఉండేది. మేమంతా మేడమ్ అనేవాళ్లం. వాళ్ల దేశంలో ఆమె స్కూలు బస్సు డ్రైవరట, ఏడాదికి కొన్నాళ్లు మిలిటరీ పని చేసే రకం సైనికురాలు. మమ్మల్ని కూడా స్కూలు పిల్లల్లాగే లెక్కపెట్టేది, వేలు చూపిస్తూ ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఎవరైనా తువ్వాల మర్చిపోతే తెచ్చుకోమని గదమాయించేది. నాకు కాస్తో కూస్తో ఇంగ్లీషు రావడంతో ఆమెకూ గ్యాంగుకూ మధ్య నేను దుబాసీని అయ్యాను.

ఆమె తన ఊరి గురించి చెప్పేది. చిన్న నగరం, పక్కనే ఒక పెద్ద బేస్. ఊరంతా దాని మీదే బతుకుతుంది. టైర్ల షాపు, పచ్చబొట్టు షాపు, తాకట్టు దుకాణం, వీధికో మంగలి షాపు. సైనికులు పరాయి దేశం పోయారంటే మంగలి కుర్చీలో మంగలే కూర్చుని పేపరు చదువుతాడట. భార్యలు పిల్లల్ని తీసుకుని పుట్టిళ్లకు పోతారు, ఆమె బస్సు సగం ఖాళీ. "ఇప్పుడు మా ఊరు సగం ఇక్కడే ఉంది. మా మంగలి నన్ను తిట్టుకుంటూ ఉంటాడు" అంది. నేను మా ఊరు కూడా అంతే మేడమ్, మగాళ్లు సగం మంది ఇక్కడే, మా మంగలాయన కూడా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు అన్నాను. ఆమె గడ్డి వైపు చూసి, ఈ ప్లాస్టిక్ కోసం రెండు దేశాల మంగళ్లు పస్తులుంటున్నారన్నమాట అని పడీ పడీ నవ్వింది. మంచి మనిషి. ఈ మాట ఇప్పుడు అనడం తేలిక.

గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు కాక, మా వైపు బాబాయిని అలా పిలుస్తాం. నాకు రక్తసంబంధం కాదు, మా మండలమే, మంచం పక్క మంచం. యాభై దాటినవాడు పాసు మీద నలభై ఆరు అని రాయించుకున్నాడు. ఆయనకు ఉన్నది ఒక్క బిడ్డ, నర్సింగు చదువుతోంది. ఇంకా రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లు ఎట్లాగైనా ఇక్కడ నిలబడాలి, అంతే ఆయన పట్టుదల. "నేను ఈడ నిలవడితెనే అది ఆడ నిలవడుతది" అనేవాడు. ఆ మాట రోజుకు ఒకసారైనా వినేవాళ్లం.

మొదట్లో బాగానే ఉన్నాడు. రెండో వేసవి నుంచి ఆయనకు మాటిమాటికీ ఒంటికి రావడం మొదలైంది. ఎంత నీళ్లు తాగినా దప్పిక, దూప దూప అనేవాడు. మనిషి చిక్కిపోయాడు. పని చూస్తే పొద్దస్తమానం పైపుల్లోంచి నీళ్లు జలజలా పారే పని. ఆ చప్పుడు వింటే బాగున్నవాళ్లకే ఆగదు, ఇక కాక సంగతి చెప్పాలా! పైపు విప్పిన పది నిమిషాలకు మోకాళ్లు దగ్గరికి చేర్చి నా వైపు చూసేవాడు. నేను మేడమ్ వైపు చూసేవాణ్ణి. మేడమ్ కుర్చీ మడిచేది. ఊరేగింపు కదిలేది.

రోజుకు పన్నెండు సార్లు. పన్నెండు గంటల డ్యూటీలో నాలుగు గంటలు మేము నడకలోనే ఉండేవాళ్లం. నిజామాబాద్ నుంచి వచ్చిన సాయెబు ఒకడుండేవాడు, అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. "క్యా జీ కాకా, పిసాబ్ ఒకనిది, పరేషాన్ తొమ్మిది మందిది" అని నవ్వేవాడు. నవ్వినా ఒక్కనాడు కూడా వెనకపడలేదు. ఎవరూ కాకను తప్పు పట్టలేదు.

షుగరేమో చూపించుకో అని నేను ఒకసారి అన్నాను. కాక నా మీద విరుచుకుపడ్డాడు. "షుగర్ లేదు గిగర్ లేదు, ఎడారి గాలికి గట్లనే ఉంటది. డాక్టర్ కాడికి పోతె కాయిదం మీదికెక్కుతది. కాయిదం మీదికెక్కితె ఇంటికే. నీకేమన్న పిచ్చా?" మా క్యాంపులో అందరి నమ్మకమూ అదే. జబ్బు ఉన్నా ఫరవాలేదు, కాగితం మీద ఉండకూడదు. తరవాత చాలా కాలానికి తెలిసింది, మా కంపెనీ సూపర్‌వైజరే రోజూ షుగర్ గోళీలు మింగేవాడట. ఆయన్ను ఎవరూ ఇంటికి పంపలేదు. మాకేం తెలుసు? అడిగినవాడెవడు, చెప్పినవాడెవడు?

మేడమ్ దగ్గర ఒక అట్ట ఉండేది, దానికి కాగితం. ఎక్కడికి కదిలినా అందులో రాయాలి. టైము, ఎంతమంది, ఎక్కడికి. ఎవరి కోసం అన్న గడి అందులో లేదు. కాబట్టి "తొమ్మిది మంది, మరుగుదొడ్డి" అని రోజుకు పన్నెండు వరసలు. మూడు నెలలు. ఆ కాగితాలు ఎవరూ చదవరనుకున్నాం. ఎవరో చదివారు.

ఒకరోజు సూపర్‌వైజర్ క్యాంపుకు పరుగెత్తుకొచ్చాడు. హిందీలో చెప్పిందేమిటంటే, రేపు పొద్దున మా గ్యాంగు మొత్తం సెక్యూరిటీ ఆఫీసులో హాజరు కావాలి. మేము నడిచే దారి పెట్రోలు ట్యాంకుల పక్క నుంచి పోతుంది. రోజుకు పన్నెండు సార్లు, వరసలో, అదే దారిన పోతున్నామంటే ఏదో కొలుస్తున్నామని వాళ్ల అనుమానం. పాసులు రద్దవుతాయేమో అన్నాడు.

కాక ఆ మాట విని దొడ్డి వైపు పోయాడు. మా క్యాంపులో అది చివరెక్కడో ఉండేది. ఆయన తిరిగొచ్చేలోపు మేం ఏడుగురం మంచాల మీద కూర్చుని నిర్ణయం తీసుకున్నాం. కాక పేరు చెబితే ఆయన పాసు పోతుంది, బిడ్డ చదువు పోతుంది. అందరికీ వస్తుందంటే అందరి పాసులూ పోతాయి, ఎనిమిది మందికి ఒకేసారి ఒంటికి వస్తుందంటే ఏ పిచ్చివాడు నమ్ముతాడు? మరి ఎవరిది? మేడమ్‌ది. ఆమె పోతే మేము పోక తప్పదు కదా, రూలే అది. ఈ ఆలోచన నాది. భాయ్ మీదికి తోసేయొచ్చు, అతను ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియదు. కానీ నాదే.

"ఆమెకేమైతది? వాళ్ల దేశం, వాళ్ల బేస్" అన్నాను.

భాయ్ ఒక్కడే కాసేపు తల గోక్కున్నాడు. "ఆడమనిషి మీద చెప్పుడు మంచిగుంటదా జీ?"

"మరి నీ పాసు ఇస్తవా?" అన్నాను. కాకకు చెప్పొద్దనుకున్నాం. చెబితే ఒప్పుకోడు, అందరికీ తెలుసు.

మర్నాడు ఆ ఆఫీసులో ఏసీకి పళ్లు టకటకలాడాయి. ఆఫీసరు మర్యాదస్తుడు. మమ్మల్ని అనుమానిస్తూనే తలా ఒక చల్లటి నీళ్ల బాటిల్ ఇచ్చాడు. కాక తన బాటిల్ ఒక్క గుక్కలో తాగేశాడు. గోడ మీద మ్యాపు, మ్యాపు మీద మేము నడిచిన దారి ఎర్ర గీతలతో. ప్రపంచంలో ఎవరి ఉచ్చకూ అంత చక్కని మ్యాపు గీసి ఉండరు. మూలన ఒక కుర్చీలో మేడమ్ కూర్చుని ఉంది, టోపీ ఒళ్లో పెట్టుకుని. రాసిన కాగితాలు ఆమెవి కాబట్టి ఆమెనూ పిలిచారు. ఆమె అక్కడ ఉంటుందని నేను అనుకోలేదు.

మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. తెలుగు తెలిసినవాడు వాళ్లకు దొరకలేదు కాబట్టి దుబాసీని నేనే. అనుమానితుణ్ణే దుబాసీగా పెట్టుకునే తెలివి వాళ్లది. ముందు నన్నే అడిగారు. మేడమ్‌కు ఎక్కువగా అవసరం పడుతుంది సార్, మేము వెంట పోతాం అన్నాను. మూల వైపు చూడలేదు. తరవాత ఒక్కొక్కడూ వచ్చి, "మేడమ్ పోతది, మేం పోతం" అని తలదించుకుని చెప్పి పోయాడు. నేను ఇంగ్లీషు చేశాను. ఏడుగురిదీ ఒకటే మాట. ఆఫీసరు మొహం ఎర్రబడింది, కోపంతో కాదు, సిగ్గుతో. మగవాళ్ల ముందు ఒక ఆడమనిషి గురించి ఇలాంటివి అడగాల్సి వచ్చిందని.

చివర కాక వచ్చాడు. వస్తూనే గోడ మీది మ్యాపు చూశాడు, మూలన మేడమ్‌ను చూశాడు. "ఆమెందుకురా గట్ల కూసున్నది?" అని నన్ను అడిగాడు.

"ఏం లేదు కాకా, నువ్వు ఊ అను సాలు."

కాక ఊ అనలేదు. రెండు చేతులూ జోడించాడు. "సార్, తప్పు నాది. ఒంటికి ఎక్కువొచ్చేది నాకే. వీళ్లందరు నా ఎనుక తిరుగుతుండ్రు, ఆమెను గూడ ఎండల నడిపిచ్చిన. నన్ను ఇంటికి పంపుండ్రి, వాళ్లనేమనకుండ్రి." తరవాత మేడమ్ వైపు తిరిగాడు. "అవ్వా, నా తోటి నీ కాళ్లు అరిగినయ్. నీ కాళ్లు మొక్కుత."

ఆఫీసరు నా వైపు చూశాడు. ఏమంటున్నాడు?

కాక తన బిడ్డ చదువును తీసుకొచ్చి ఆ బల్ల మీద పెట్టాడు. దాన్ని తీసి ఆయన జేబులో తిరిగి పెట్టడం నా చేతిలో ఉంది. మేడమ్‌ను కాపాడటం కూడా నా చేతిలోనే ఉంది. రెండూ కుదరవు. "అందరూ చెప్పిందే చెబుతున్నాడు సార్. మేడమ్ మంచిదని, ఆమెను ఏమీ అనొద్దని దండం పెడుతున్నాడు" అన్నాను. ఇంత పెద్ద అబద్ధం అంత శుభ్రమైన ఇంగ్లీషులో నేను మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.

ఆఫీసరు మేడమ్‌ను అడిగాడు, ఇది నిజమేనా అని. ఆమె కాక జోడించిన చేతుల వైపు చూసింది. ఆయన పెదాలు ఎండిపోయి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి, చేతిలో ఖాళీ బాటిల్. తరవాత నన్ను చూసింది. "అవును సార్. నాకే" అంది.

ఎర్ర గీతల మ్యాపును గోడ మీంచి తీసేశారు. ఫైలు మూసేశారు.

బయటికి రాగానే కాక నా చొక్కా పట్టుకున్నాడు. "ఏమన్నరురా? ఎన్నడు పొమ్మన్నరు?"

"మాఫ్ చేసిండ్రు కాకా. ఏం గాదు, పని చేస్కోమన్నరు."

కాక అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాడు. "ఎంత మంచోళ్లురా! మన దిక్కైతె నిజం జెప్పినోని నోట్ల మన్ను వోస్తరు. సూడు, నిజం జెప్తె ఇడిశిపెట్టిండ్రు." మిగతావాళ్లంతా తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

మేము బస్సెక్కబోతుంటే మేడమ్ వచ్చి నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ పెద్దాయనకు చెప్పు, డాక్టర్‌కు చూపించుకోమని. మా నాన్నకూ ఇట్లాగే మొదలైంది. ఆలస్యం చేయొద్దని చెప్పు. తప్పకుండా చెప్పు" అంది. ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. యెస్ మేడమ్ అన్నాను.

చెప్పలేదు. ఆరోజు చెబితే, ఆమె ఎందుకు అన్నది, ఆమెకెట్లా తెలుసు, అసలు లోపల ఏం జరిగింది అని కాక తవ్వుతాడు. తవ్వితే మళ్లీ పోయి చేతులు జోడిస్తాడు. వచ్చే శుక్రవారం చెబుదాం అనుకున్నాను. ఆ శుక్రవారం రాలేదు.

మేడమ్‌ను డాక్టర్ల దగ్గరికి పంపి పరీక్షలు చేయించారట. మళ్లీ మా దగ్గరికి రానివ్వలేదు. గోదాములో పరుపులు లెక్కపెట్టే పనిలో వేశారు. సైనికులు ఆమె కుర్చీ మీద టాయిలెట్ పేపర్ చుట్టలు పెట్టి ఏడిపించేవాళ్లట. ఆఖరికి గడువు కన్నా ముందే వాళ్ల దేశం పంపేశారని విన్నాను. బేస్ మాట ఆమె ఊళ్లో ఆమె కన్నా ముందే చేరి ఉంటుంది. ఆ మంగలి షాపులో ఎవరెవరు ఏమని నవ్వారో నాకు తెలియదు. ఆమె పిల్లల్ని బస్సు ఎక్కిస్తున్నప్పుడు నవ్వారేమో. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

ఇక ఇక్కడి తమాషా వినండి. కాకకు ఇప్పుడు ధైర్యం వచ్చింది. అమెరికావాళ్లే మాఫ్ చేశారు కదా! ఇదివరకు మోకాళ్లు దగ్గరికి చేర్చి నా వైపు చూసేవాడు, ఇప్పుడు ఛాతీ విరిచి చెయ్యెత్తేవాడు. పన్నెండు సార్లు కాస్తా పదిహేను అయ్యాయి. కొత్త ఎస్కార్టు కుర్రాడు ఖర్మరా బాబూ అనుకుంటూ కుర్చీ మడిచేవాడు, కాగితంలో రాసేవాడు. నెల తిరక్కుండానే అతన్ని డాక్టర్ల దగ్గరికి పంపారు. ఎస్కార్టుకే రోగమని ఫైల్లో ఉంది కదా. అతని తరవాత ఇంకొకడు, ఒంటెలా ఉండేవాడు, పొద్దంతా చుక్క నీరు ముట్టడు. అతన్నీ పంపారు.

ముగ్గురు అయ్యాక అమెరికావాళ్లు సీరియస్‌గా ఆలోచించారు. ముందు కుర్చీ మార్చారు. రోగం తగ్గలేదు. గొడుగు మార్చారు, తాగే నీళ్ల బాటిళ్లు మార్చారు. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి గడ్డి దగ్గర గాలిని సీసాల్లో పట్టుకుపోయారు. ఆ వచ్చినవాళ్లకు కాక తానే పైపు ఆపి దారి ఇచ్చాడు, మర్యాదగా. ఎవరూ మా ఎనిమిది మంది వైపు తిరిగి చూడలేదు. మమ్మల్ని చూడటానికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు, మమ్మల్ని మాత్రం చూడలేదు.

ఆఖరికి తేల్చారు. తడిసిన ప్లాస్టిక్ గడ్డి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే సైనికుల ఆరోగ్యం పాడవుతోందట. ఒక్క రోజులో గడ్డి మొత్తం చుట్టలు చుట్టి లారీలకెత్తి, అక్కడ కంకర పోశారు. అప్పుడు మాత్రం సంతకాలు దొరికాయి. మమ్మల్ని బట్టలు ఉతికే షెడ్డులోకి మార్చారు. అందులో మరుగుదొడ్డి లోపలే ఉంది. కాక ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి వచ్చేవాడు. ఒక ముసలాయన ఉచ్చ కోసం అమెరికా తన పచ్చికను పీకేసింది. భాయ్ ఆ రోజు అందరికీ చాయ్ పోయించాడు.

కాక నిలబడ్డాడు. రెండేళ్లు కాదు, రెండున్నరేళ్లు. బిడ్డ నర్సింగు పాసైందని ఫోన్ వచ్చిన రోజు ఆ షెడ్డులో అందరికీ ఖర్జూరాలు పంచాడు. నేను చేసింది తప్పు కాదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఖర్జూరం తియ్యగానే ఉంది.

ఆ చివరి రోజుల్లోనే సేఫ్టీ బూటు కరిచి ఆయన కాలి వేలికి పుండు పడింది. మానలేదు. ఏదో పసరు కట్టాడు, పసుపు పెట్టాడు, పైన సాక్సు తొడుక్కున్నాడు. కంపెనీ లెక్క తేల్చుకుని ఇంటికి పోయాడు.

మరుసటి ఏడాది లీవులో నేను ఆయన్ను చూడటానికి వెళ్లాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడికాలు స్టూలు మీద చాపి. రెండు వేళ్లు తీసేశారు. మూడోదాని సంగతి ఇంకా చెప్పలేమన్నారట. బిడ్డ కింద కూర్చుని కట్టు మారుస్తోంది. జగిత్యాలలో ఏదో దవాఖానలో పని చేస్తోంది, డ్యూటీ దిగి వచ్చి తండ్రి కాలు కడుగుతోంది. నన్ను చూడగానే కాక మొహం వెలిగిపోయింది. పక్కింటివాళ్లను కేకేసి పిలిచాడు. "అగో, అచ్చిండు సూడుండ్రి, నేను అవద్ధం జెప్తున్ననంటిరి గద! అమెరికా సార్ ముంగట నిజం ఒప్పుకుంటె నన్ను మాఫ్ చేసిండ్రా లేదా, అడుగుండ్రి వీన్ని. వీడే పక్కన నిలవడ్డడు."

"అవును కాకా, మాఫ్ చేసిండ్రు" అన్నాను. పక్కింటివాళ్లు తలలూపారు. కాక గర్వంగా నవ్వాడు.

నేను లేచి వస్తుంటే బిడ్డ వాకిలి దాకా వచ్చింది. చేతులకు మందు వాసన. గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, ఆడ అంతమంది ఉంటిరి గద. గన్నిసార్లు ఒంటికి పోతుంటె, గంత దూప అయితుంటె, ఒక్కలన్న మా బాపును డాక్టర్ కాడికి పొమ్మని చెప్పలేదా?"

"లేదు చెల్లె," అన్నాను. "ఎవ్వలు జెప్పలే."